తోట పేరు మిగిలిన పేట
హుస్సేన్ సాగర్ దిగువన బాగ్ లింగంపల్లి గతం, వర్తమానం

తరగతిలో ఉర్దూ పదాలకు అర్థాలు చెబుతున్నప్పుడు ఒక విద్యార్థి లేచి, "ఉస్తాద్, బాగ్ అంటే తోట కదా! మరి మా బాగ్ లింగంపల్లిలో తోట ఎక్కడుంది?" అని అడిగాడు. తోటి పిల్లలు నవ్వారు. నేను మాత్రం వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆ బాలుని ప్రశ్నకు జవాబు వెదకాలంటే ముందుగా హుస్సేన్ సాగర్ కట్ట దాకా వెళ్లాలి.

గోల్కొండను ఇబ్రాహీం కులీ కుతుబ్ షా పాలిస్తున్న రోజులలో, 1562 ప్రాంతంలో, మూసీ ఉపనదికి అడ్డంగా ఈ చెరువు నిర్మాణం జరిగింది. పనులను నడిపించినవారు హజ్రత్ హుస్సేన్ షా వలీ. సుల్తాను ఈ చెరువుకు తన పేరు పెట్టాలని తలచినా ప్రజల నోట హుస్సేన్ సాగర్ అనే పేరే నిలిచిందనీ, అందువల్లనే ఆయన ఇబ్రాహీంపట్నం చెరువును తవ్వించాడనీ చెబుతారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యేవరకు నగరవాసుల దాహం తీర్చిన ప్రధాన జలాశయాలలో ఇది ఒకటి. కట్టకు దిగువన నీటికి కొదువ లేదు. నీరున్న చోట తోట వెలియడం సహజమే.

తోటల తరువాత యంత్రాలు వచ్చాయి. 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వెలసింది. అదే సంవత్సరం లోయర్ ట్యాంక్ బండ్ వద్ద దివాన్ బహద్దూర్ రాంగోపాల్ మిల్లు ఏర్పడింది. దానినే జనం డీబీఆర్ మిల్లు అన్నారు. పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చేందుకు నిజాం ప్రభుత్వం 1929లో పారిశ్రామిక నిధిని నెలకొల్పింది. మరుసటి సంవత్సరమే వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ నమోదైంది. ఏడవ నిజాం పెద్ద కుమారుడు ఆజమ్ జాహ్ పేరు మీదుగా వెలసిన ఆజమాబాద్ పారిశ్రామికవాడలో, బాగ్ లింగంపల్లిని ఆనుకొని, ఆ కర్మాగారం నిలిచింది. 1943లో కవాడిగూడలో ప్రాగా టూల్స్ వచ్చింది. ముషీరాబాద్ ఆర్టీసీ ప్రాంగణం వేలాది కార్మికులకు నెలవయింది.

ఛార్మినార్ సిగరెట్టు పేరు దేశమంతటా వినిపించింది ఈ పేట నుండే. పొగాకు చేసే కీడు మనకు తెలియనిది కాదు. అయినా ఆ జీతంతో పిల్లలను చదివించుకున్న కుటుంబాలు ఈ వీధులలో ఎన్నో ఉన్నాయి. హైదరాబాద్ కార్మికులను సంఘటితం చేసినవారిలో ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ముఖ్యులు. సిగరెట్ కర్మాగారంలో పనిచేసి, కార్మిక నాయకుడై, తరువాత మంత్రి అయిన నాయిని నర్సింహారెడ్డి పేరును 2023లో ప్రారంభమైన ఇందిరా పార్కు–వీఎస్టీ ఉక్కు వంతెనకు పెట్టారు.

అయితే పరిశ్రమలు కూలి ఇచ్చినట్లే చెరువుకు మలినమూ ఇచ్చాయి. ఎగువన బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల వైపు నుండి కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చిన వ్యర్థాలు, నగరపు మురుగు కలిసి తాగునీటి చెరువును ముక్కు మూసుకొని దాటవలసిన చెరువుగా మార్చాయి. డీబీఆర్ మిల్లు మూతపడింది. విద్యుత్ కేంద్రాన్ని 1995లో కూల్చివేశారు. ఆజమాబాద్ భూములు పరిశ్రమలకే వినియోగపడవలసినవి కాగా, కౌళ్ల విషయంలో వివాదాలు పెరిగి 1992లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. తోటలుండిన చోట హౌసింగ్ బోర్డు ఇళ్లు, అపార్టుమెంట్లు నిండాయి.

మనుషులు మారినా నీరు తన దారిని మరువలేదు. హుస్సేన్ సాగర్ నిండితే పొర్లే నీరు దోమలగూడ, అశోక్ నగర్, చిక్కడపల్లి, బాగ్ లింగంపల్లి, నల్లకుంట, అంబర్‌పేట మీదుగా మూసీలో కలవాలి. ఆ నాలా అంచులు ఇళ్లతో ఇరుకైపోయాయి. దాని ఫలితం 2000 ఆగస్టు 24న కనిపించింది. ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసి, లోతట్టు బస్తీలు మునిగాయి.

ఆ వరద మన ఉర్దూ సంపదనూ వదలలేదు. అబ్దుల్ సమద్ ఖాన్ అనే పుస్తకప్రియుడు తన జీవితకాలమంతా సేకరించిన అపురూపమైన ఉర్దూ గ్రంథాలు, పత్రికలు అప్పటికి బాగ్ లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో భద్రపరచబడి ఉన్నాయి. నీరు ఆ గ్రంథాలయంలోకి చొరబడింది. ఎందరో ముద్రాపకుల శ్రమ, మరెక్కడా సులభంగా దొరకని సంచికలు బురదనీటిలో నానిపోయాయి. వాటిని ఆరబెట్టి, దక్కినంతమేరకు కాపాడుకోవడానికి ఎంతో శ్రమించవలసి వచ్చింది. నాలా అంచును కొద్దికొద్దిగా ఆక్రమించినవారెవరూ తాము పుస్తకాలను ముంచుతున్నామని తలచి ఉండరు.

ఇరవై సంవత్సరాల తరువాత, 2020 అక్టోబరులో, అదే నాలా మళ్లీ అదే వీధులలోకి వచ్చింది. పిల్లల పాఠ్యపుస్తకాలు, పెండ్లి కొరకు దాచిన బట్టలు, బియ్యపు డబ్బాలు తడిసిపోయాయి. పేదవాని నష్టానికి పత్రికలలో పెద్ద శీర్షికలుండవు.

సోదర సోదరీమణులారా! నాలాను వెడల్పు చేయవలసినది ప్రభుత్వమే. ఆ మాట గట్టిగా అడగవలసినది మనమే. కాని ఇంటి చెత్తను, కూల్చిన గోడల మట్టిని నాలాలో వేయకుండా ఉండడానికి ఏ అధికారి అనుమతీ అవసరం లేదు. ఇల్లు కొనేముందు ధరతో పాటు, వానాకాలంలో అక్కడ నీరు ఎటు పారుతుందో పేటలోని పెద్దలను అడగండి. నల్లకుంట అనే పేరులో ఒక కుంట ఉంది, బాగ్ లింగంపల్లి అనే పేరులో ఒక తోట ఉంది. పేర్లు మన పెద్దలు వదిలిపోయిన ఆనవాళ్లు.

ఆ విద్యార్థికి మరునాడు ఈ విధంగా జవాబు చెప్పాను: "బాబూ, తోట నీ పాఠశాల కింద, నీ ఇంటి కింద ఉంది. దానిని తిరిగి తేలేము. కాని ఆ తోటకు నీరిచ్చిన దారి ఇంకా బతికే ఉంది. దానిని మూయకుండా కాపాడడం మన చేతిలోని అమానతు."