కనుమ దారి – వెనుక స్ప్రింగు

తిరుపతిలో అలిపిరి దాటిన వాహనాలు ఒక దారిన కొండ ఎక్కి, మరొక దారిన దిగుతాయి. తిరుమలకు మొదటి కనుమ రహదారి 1944లో ఏర్పడింది. అంతకు ముందు భక్తులకు మెట్ల దారి, నడవలేని వారికి డోలీ మాత్రమే శరణ్యం. 1970వ దశకంలో రెండవ రహదారి వచ్చిన తరువాత పాత దారి దిగడానికి, కొత్త దారి ఎక్కడానికి కేటాయించబడ్డాయి. ఈ దారులపై మోటారు సైకిల్ నడిపేవారిలో అనేకులకు ఒక అనుభవం కలుగుతుంది. ఒంటరిగా వెళ్ళినప్పుడు మాట విన్న బండి, వెనుక మరొక మనిషి, సామాను సంచి చేరగానే మలుపులో మొండికేస్తుంది. హ్యాండిల్ తిప్పినంతగా తిరగక రోడ్డు బయటి అంచు వైపు జరిగిపోతుంది. ఎదురు వాహనాలు రాని తిరుమల దారిలో ఆ అంచున పిట్టగోడ ఉంటుంది. రెండు వైపుల వాహనాలు తిరిగే కనుమలలో ఆ అంచున లారీ ఎదురుకావచ్చు. దీనికి టైర్లను, రోడ్డును నిందించడం పరిపాటి. కాని కారణం తరచుగా వెనుక చక్రానికి ఇరుపక్కల ఉన్న స్ప్రింగుల అమరికలోనే ఉంటుంది.

రాయలసీమ రైతుకు ఈ విషయం కొత్తది కాదు. ఎద్దుల బండికి బరువు ఎత్తేటప్పుడు ఇరుసుకు ముందు ఎంత, వెనుక ఎంత అని అతడు చూసుకొంటాడు. వెనుక బరువు మితిమీరితే కాడి పైకి లేస్తుంది. ఎద్దుల మెడకు కట్టిన తాళ్ళు బిగుసుకొంటాయి. బండి అదుపు తప్పుతుంది. మోటారు సైకిల్‌కు ఎద్దులు లేవు గాని ముందు చక్రం ఉంది. వెనుక భాగం కుంగితే ముందు భాగం లేస్తుంది. రాత్రివేళ దీపపు వెలుగు రోడ్డుపై కాక చెట్ల కొమ్మలపై పడడం దీనికి తొలి గుర్తు.

ముందు భాగం లేచినందువల్ల వాహనం తిరగకపోవడం ఎందుకు? మోటారు సైకిల్ ముందరి ఫోర్కు నిటారుగా ఉండదు. నిలువు రేఖకు సుమారు 25 డిగ్రీల వాలుతో ఉంటుంది. హ్యాండిల్ తిరిగే అక్షాన్ని నేల వరకు పొడిగిస్తే, ఆ గీత టైరు నేలను తాకే చోటికి కొంత ముందుగా నేలను చేరుతుంది. ఆ రెండు బిందువుల మధ్య దూరాన్ని ఇంజనీర్లు ‘ట్రైల్’ అంటారు. ఆసుపత్రిలో రోగులను తరలించే బండి చక్రాలను గమనిస్తే ఇది సులభంగా బోధపడుతుంది. బండిని ఎటు తోస్తే చక్రం దాని వెనుకనే సర్దుకొని నడుస్తుంది. ట్రైల్ ఎక్కువైతే వాహనం తిన్నగా పోవడానికి మొగ్గు చూపుతుంది. మలుపు తీసుకోవడానికి బద్ధకిస్తుంది. తగ్గితే చురుకుగా తిరుగుతుంది. మరీ తగ్గితే వేగంలో నిలకడ కోల్పోతుంది.

ఇందులో మార్పులు చాలా సూక్ష్మమైనవి. రెండు ఇరుసుల మధ్య దూరం 1300 మిల్లీమీటర్లు అనుకొందాము. వెనుక భాగం 13 మిల్లీమీటర్లు దిగితే వాహనం మొత్తం అర డిగ్రీకి కొంచెం ఎక్కువగా వెనుకకు వాలుతుంది. ట్రైల్ దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నిండు బరువుతో వెనుక భాగం ఇంతకు రెండు మూడు రెట్లు కుంగడం సామాన్యమే. దీనికి తోడు ముందు చక్రంపై భారం తగ్గి, రోడ్డును పట్టుకొనే శక్తి కూడా తగ్గుతుంది.

ఈ కుంగుబాటును సరిచేయడానికే షాక్ అబ్జార్బర్ స్ప్రింగుకు ఒక కొసన మెట్లు మెట్లుగా కోసిన ఉంగరం ఉంటుంది. చాలా వాహనాలలో ఐదు మెట్లు ఉంటాయి. సి ఆకారపు స్పానరుతో దానిని తిప్పవచ్చు. ‘మెట్టు పెంచితే స్ప్రింగు గట్టిపడుతుంది’ అని చెప్పుకొంటారు. ఇది సరి కాదు. రాబర్ట్ హుక్ 1678లో వివరించిన సూత్రం ప్రకారం స్ప్రింగు కుదింపు దానిపై పడే బలానికి అనుపాతంలో ఉంటుంది. ఒక స్ప్రింగును మిల్లీమీటరు కుదించడానికి 20 న్యూటన్ల బలం కావాలనుకొంటే, మొదటి మెట్టులో ఉన్నా ఐదవ మెట్టులో ఉన్నా మరొక మిల్లీమీటరుకు మరో 20 న్యూటన్లే కావాలి. బరువు మారనంత వరకు కుదింపు మారదు గనుక, మెట్టు పెంచినప్పుడు వాహనం వెనుక భాగం పైకి లేస్తుంది. అనగా మెట్టు మార్చేది గట్టితనాన్ని కాదు, ఎత్తును. మరి ఒంటరిగా నడిపేవానికి ఐదవ మెట్టులో బండి గట్టిగా తోచడం భ్రమ కాదు. ముందే కుదించిన స్ప్రింగు అతని తేలిక బరువుకు ఏమాత్రం దిగదు. గతుకు వచ్చినప్పుడు చక్రం నేలను వదిలి ఎగురుతుంది.

తగిన మెట్టును కొలిచి తెలుసుకోవచ్చు. అందుకు ఒక టేపు, ఇద్దరు సహాయకులు చాలు. వెనుక చక్రంపై బరువు లేకుండా బండిని ఎత్తి, ఇరుసు నుండి పైన సీటు అంచున ఒక గుర్తు వరకు దూరం కొలవాలి. తరువాత ఎక్కవలసిన వారు ఎక్కి, పాదాలు నేలకు ఆనించకుండా కూర్చొనగా, ఒకరు బండిని పట్టుకొంటే మరొకరు అదే దూరాన్ని మళ్ళీ కొలవాలి. రెండింటి తేడా చక్రం కదలగల మొత్తం దూరంలో నాలుగవ వంతు నుండి మూడవ వంతు లోపల ఉండడం మంచిది. చక్రానికి 100 మిల్లీమీటర్ల కదలిక ఉంటే 25 నుండి 33 మిల్లీమీటర్ల దిగుదల సరిపోతుంది. అంతకంటే ఎక్కువ దిగితే రెండు పక్కల సమానంగా ఒక్కొక్క మెట్టు పెంచాలి. ఒక పక్క మూడు, మరొక పక్క నాలుగు ఉంచితే వెనుక చక్రాన్ని మోసే చట్రం మెలిపడుతుంది. వాహనంతో వచ్చే పుస్తకంలో ఒంటరి ప్రయాణానికి, జంట ప్రయాణానికి వేర్వేరు మెట్లు సూచించి ఉంటే ముందుగా దానినే అనుసరించాలి. ఆ పుస్తకం సాధారణంగా బీరువాలో భద్రంగా ఉంటుంది, చదివేవారు అరుదు.

ఎక్కేటప్పటి నియమం దిగేటప్పుడు చాలదు. దిగుడులో బ్రేకు వేయగానే భారం ముందుకు ఒరుగుతుంది, ముందరి ఫోర్కు కుంగుతుంది. వెనుక మనిషిని కొండపై దించి, అదే ఐదవ మెట్టుతో ఒంటరిగా పాత దారిన దిగే వ్యక్తి ముక్కు దించిన బండిపై ఉన్నట్లే. తేలికపడిన వెనుక చక్రం కొద్దిపాటి బ్రేకుకే జారుతుంది. మదనపల్లె మార్కెట్టుకు టమాటా మోసుకుపోయి ఖాళీగా మళ్ళేవారికి, తెల్లవారి పాలక్యాన్లు దించి తిరిగి వచ్చేవారికి ఇది మరింతగా వర్తిస్తుంది. బరువుతో పాటు మెట్టు కూడా దిగాలి.

వెనుక చక్రానికి ఇట్టి సౌకర్యం మొదటి నుండి ఉన్నది కాదు. తొలినాటి మోటారు సైకిళ్ళలో వెనుక చక్రం చట్రానికి నేరుగా బిగించి ఉండేది; గతుకులు భరించేది సీటు కింది స్ప్రింగులే. ఇంగ్లాండులో 1949 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ వెనుక చక్రం ఊగే చట్రంతో వచ్చింది. చిత్తూరుకు పొరుగున ఉన్న మద్రాసులో 1955లో ఆ బండి తయారీకి పునాది పడింది. ఇటీవలి అనేక వాహనాలలో రెండు షాకబ్జర్ల స్థానాన్ని మధ్యనుండే ఒక్కటి ఆక్రమించింది. సూత్రం మాత్రం మారలేదు.

మెట్టు అన్ని లోపాలకూ మందు కాదు. బండి వెనుక భాగాన్ని బలంగా నొక్కి వదిలినప్పుడు ఒక్కసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగినా, గొట్టం వెంట నూనె కారినా షాకబ్జర్‌ను మార్చవలసిందే. కొందరు యువకులు చూపు కోసం పొడవైన షాకబ్జర్లు బిగిస్తారు. అప్పుడు పక్క స్టాండు పొట్టిదై బండి ఒరిగిపోతుంది, గొలుసు నడిచే కోణం మారుతుంది, ముందు చెప్పిన ట్రైల్ హద్దు దాటి తగ్గుతుంది. తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా అనుమతించదు. మెట్టు మార్చడం అట్టి మార్పు కాదు. అది తయారీదారే కల్పించిన వెసులుబాటు. మెట్టు మార్చిన ప్రతిసారీ గొలుసు వదులును మనుషులు కూర్చొని ఉండగా ఒకసారి, దిగిన తరువాత ఒకసారి చూడాలి. వెనుక చట్రం కదిలినప్పుడు గొలుసు బిగువు కూడా మారుతుంది.