టెలిఫోను విధానము – సలహా మండలులు – సరిహద్దు తెలుగువారు

ముళబాగిలు అను పేరు ‘మూడల బాగిలు’ అను కన్నడ పదములనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. మూడల యనగా తూర్పు. బాగిలు యనగా వాకిలి. ఇటు కోలారు, బెంగళూరులకును, అటు పలమనేరు, చిత్తూరులకును నడుమ, మైసూరు సీమకు తూర్పు వాకిలియై నిలిచిన పట్టణమిది. పూర్వము వాకిటికి కావలి యుండెడిది. వచ్చువాడెవడో, తెచ్చు సరుకేదో కావలివాడు కన్నులార చూచి లోనికి విడిచెడివాడు. నేడు మన యిండ్లకు మరియొక వాకిలి యేర్పడినది. అది చేతిలోని ఫోను. ఆ వాకిట వచ్చువాడు కంటికి కనబడడు. తాను బ్యాంకు అధికారిననును, పోలీసుననును. క్షణములో ఏండ్ల కూడబెట్టును తీసికొనిపోవును. ఈ వాకిటి కావలికి నియమములు చేయువారెవరు? ఆ నియమములు చేయునపుడు సలహా చెప్పువారెవరు? ఆ సలహాలో సరిహద్దు తెలుగువాని మాటకు చోటున్నదా? ఈ మూడు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

సలహా మండలి స్వరూపము

ఒక నియమమును చేయుటకు ముందు, విషయము తెలిసినవారిని, ఆ నియమము తగులువారిని పిలిచి అభిప్రాయమడుగుటకు ప్రభుత్వము ఏర్పరచు సంఘమే సలహా మండలి. దానికి ఆజ్ఞ చేయు అధికారము లేదు. చెప్పుట దాని పని. చేయుట ప్రభుత్వము పని. ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. తంతితపాలా శాఖ టెలిఫోనులను నడపిన దినములలోనే టెలిఫోను సలహా సంఘములు ఉండెడివి. ఫోను కొరకు ఏండ్ల తరబడి వేచియుండవలసిన ఆ కాలమున, ఎవరికి ముందుగ కనెక్షను ఈయవలెనను విషయమున అవి సలహా చెప్పెడివి. 2000 అక్టోబరు 1న బి.ఎస్.ఎన్.ఎల్. ఏర్పడిన పిమ్మటను అట్టి సంఘములు కొనసాగినవి. పార్లమెంటు సభ్యులతోపాటు సామాన్య పౌరులును అందు కూర్చుండిరి. నాటి చర్చ తీగ వచ్చుటను గూర్చి. నేటి చర్చ తీగ లేకయే వచ్చు మోసమును గూర్చి.

నేడు ఈ రంగమున సలహా చెప్పు సంస్థలను మూడు తెగలుగ గ్రహింపవచ్చును.

మొదటిది శాసనము విధించిన సంఘము. 2000 నాటి సమాచార సాంకేతిక శాసనము 88వ సెక్షను ప్రకారము కేంద్ర ప్రభుత్వము ‘సైబరు నిబంధనల సలహా సంఘము’ను నియమింపవలెను. అందు అధికారులును అనధికారులును ఉండవలెను. ఈ శాసనము ముఖ్యముగ తగులు వర్గముల ప్రతినిధులు గాని, విషయ నిపుణులు గాని సభ్యులు కావలెనని ఆ సెక్షను చెప్పుచున్నది. శాసనము తగులు వర్గములనగా కంపెనీలు మాత్రమే యగునా? మోసపోయిన వృద్ధుడును, పాలసంఘపు సొమ్మును బ్యాంకు ఖాతాలో పుచ్చుకొను రైతును అందు చేరరా? ఈ ప్రశ్న యడుగుటకు ఆ సెక్షనే తావిచ్చుచున్నది.

రెండవది 1997లో ఏర్పడిన భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ. దీనిని జనులు ‘ట్రాయ్’ అందురు. ఇది రెండు పనులు చేయును. ధరల విషయమున తానే కట్టడి చేయగలదు. లైసెన్సుల వంటి విషయములలో ప్రభుత్వమునకు సిఫారసు మాత్రము చేయును.

మూడవది ప్రభుత్వ తీర్మానముచే వెలసినది. 1989లో ఏర్పడిన టెలికాం కమిషను ఇట్టిది. 2018లో దాని పేరు డిజిటల్ కమ్యూనికేషన్స్ కమిషనుగ మారినది. ట్రాయ్ సిఫారసులు దాని ముందునకే వచ్చును.

వీనితో కలిపి చూడరాని సంస్థలును కొన్ని కలవు. 2004 నుండి పనిచేయుచున్న ‘సెర్ట్-ఇన్’ కంప్యూటరులపై దాడులు జరిగినపుడు స్పందించు సంస్థ. విద్యుత్తు, బ్యాంకులు, టెలికాము వంటి ముఖ్య వ్యవస్థలను కాపాడుటకు 2014లో మరియొక జాతీయ కేంద్రము ఏర్పడినది. ఇవి కావలివారేగాని సలహాదారులు కారు. ఆ ముఖ్య వ్యవస్థల మాట ఈ జిల్లావారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1902లో శివనసముద్రమునుండి కోలారు బంగారు గనులకు విద్యుత్తు వచ్చినది. దూరపు తీగ యొకటి ఎందరి బ్రతుకులను మోయునో ఈ సీమ నాడే యెరుగును.

సలహా నడచు త్రోవ

ట్రాయ్ ఒక విషయమును చేపట్టినపుడు ముందుగ సంప్రదింపు పత్రమును ప్రకటించును. అందు ప్రశ్నలు వరుసగ ఉండును. కంపెనీలు, సంఘములు, పౌరులు గడువులోపల వ్రాతమూలముగ జవాబులు పంపవచ్చును. ఒకరి జవాబునకు వేరొకరు ప్రతిజవాబు చెప్పవచ్చును. పిమ్మట బహిరంగ చర్చ జరుగును. తుదకు సిఫారసు ప్రభుత్వమునకు పోవును. ఆ సిఫారసునకు ప్రభుత్వము కట్టుబడవలెనను నిర్బంధము లేదు. అయినను లైసెన్సు విషయములలో దానిని త్రోసిపుచ్చదలచినపుడు పునఃపరిశీలనకై ట్రాయ్‌కు తిరిగి పంపవలెనని 2000 నాటి సవరణ విధించినది. అనగా సలహాను వినకపోవచ్చునుగాని, ఊరకయే ప్రక్కన పెట్టుటకు వీలులేదు.

ఈ త్రోవ ఫలితమును ముళబాగిలు తాలూకా రైతు తన జేబులోనే చూచినాడు. వడ్డహళ్లి సంతకు టమాటా తెచ్చువాడు మదనపల్లె ధరను విచారింపక సరుకు విడువడు. టెలికాము లెక్కలో కోలారు జిల్లా కర్ణాటక సర్కిలునకు, మదనపల్లె ఆంధ్ర సర్కిలునకు చేరినవి. నంగలి దాటి పలమనేరు త్రోవ పట్టినంతనే ఫోను పరసీమ ఫోనుగ లెక్కింపబడెడిది. తనకు వచ్చిన ఫోనునకు కూడ తానే రుసుము చెల్లింపవలసివచ్చెడిది. ట్రాయ్ 2015 మే 1 నుండి అట్టి ఫోనులపై గరిష్ఠ రుసుమును నిమిషమునకు 75 పైసలనుండి 45 పైసలకు తగ్గించినది. ఇట్లే, సర్కిలు మారినను నంబరు మారకుండవలెనని 2012 టెలికాం విధానము ఆశించినది; 2013లో ట్రాయ్ సిఫారసు చేసినది; 2015 జూలై 3 నుండి ఆచరణకు వచ్చినది. ఒక సలహా రైతు చేతికి అందుటకు మూడేండ్లు పట్టినదన్నమాట.

మూడు దృష్టాంతములు

సలహా సంఘముల బలమును బలహీనతను తెలుపు మొదటి దృష్టాంతము 66-ఏ సెక్షను చరిత్ర. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘరులో ఫేస్‌బుక్కు వ్రాత కారణముగ ఇద్దరు యువతులు అరెస్టు చేయబడిరి. దేశమున కలత పుట్టినది. ఆ నెల 29వ తేదీన సైబరు నిబంధనల సలహా సంఘము సమావేశమైనది. పై అధికారి అనుమతి లేనిదే ఆ సెక్షను క్రింద కేసు పెట్టరాదను సూచన 2013 జనవరిలో రాష్ట్రములకు వెళ్లినది. సెక్షను మాత్రము నిలిచియేయున్నది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. సంఘము గాయమునకు కట్టు కట్టినది. ముల్లు తీసినది న్యాయస్థానము. కీడు జరుగకముందే కూడి విచారించియుండిన, ఆ సంఘము ఉన్నందుకు సార్థకత యెక్కువగ నుండెడిది.

రెండవది అంతర్జాలమునందలి సమత్వమును గూర్చినది. కొన్ని వెబ్‌సైట్లను ఉచితముగను, తక్కినవానిని వెలకును ఈయవచ్చునా యను ప్రశ్నపై ట్రాయ్ 2015 డిసెంబరులో పత్రము ప్రకటించినది. లక్షలకొలది జవాబులు వచ్చినవి. అందు పెక్కు ఫేస్‌బుక్కు కంపెనీ అచ్చుగ్రుద్దినట్లు సిద్ధపరచి యిచ్చిన లేఖలు. అవి తాను అడిగిన ప్రశ్నలకు జవాబులు కావని ట్రాయ్ స్పష్టపరచినది. 2016 ఫిబ్రవరి 8న అట్టి భేదపు ధరలను నిషేధించినది. దీనివలన తేలిన నీతి యొక్కటి: సలహా యడుగు తావున తలల లెక్కకంటె కారణముల లెక్క గొప్పది. వేయి నకళ్లకంటె, అడిగిన ప్రశ్నకు సూటిగ వ్రాసిన యొక్క లేఖ మేలు.

మూడవది అడుగకయే చేసిన పని. 2025 నవంబరు 28న టెలికాం శాఖ, క్రొత్త ఫోనులన్నిటను ‘సంచార్ సాథీ’ యను అనువర్తనమును ముందే నిక్షేపింపవలెనని కంపెనీలను ఆదేశించినది. పోయిన ఫోనులను పట్టించుటకు, దొంగ సిమ్ములను తెలిసికొనుటకు అది యుపకరించునదే. కాని బహిరంగ సంప్రదింపు లేకుండ వచ్చుటచే జనులు శంకించిరి. డిసెంబరు 3న ఆ నిర్బంధము ఉపసంహరింపబడినది. మంచి మందైనను రోగిని అడిగి యీయవలెను.

అమెరికాయందును ఈ విషయమున రెండు తీరులు కానవచ్చును. జాతీయ భద్రతకు సంబంధించిన టెలికాం సలహా సంఘమొకటి 1982లో అధ్యక్షుని ఉత్తరువుచే ఏర్పడి దశాబ్దములపాటు కంపెనీల పెద్దల అభిప్రాయములను ప్రభుత్వమునకు అందించినది. పెద్ద సైబరు దాడులను విచారించి నివేదించుటకు 2022లో ఏర్పడిన మండలి సభ్యులు మాత్రము 2025 జనవరిలో ఒక్కమారుగ తొలగింపబడిరి. ఉత్తరువుతో పుట్టినది ఉత్తరువుతో పోవును. శాసనమున చోటుగల మన 88వ సెక్షను సంఘమునకు ఆ భయము తక్కువ. దానిని తరచుగ కూర్చుటయే కావలసిన పని.

భాష యను గడప

ఇక ముఖ్యమైన చిక్కు భాష. సంప్రదింపు పత్రములు సాధారణముగ ఇంగ్లీషున వెలువడును. ముళబాగిలులో ఇంట తెలుగు, కచేరీలో కన్నడము, పత్రమున ఇంగ్లీషు. ఈ మూడు గడపలు దాటినవాడుగాని జవాబు వ్రాయలేడు. వ్రాయగలవారు చాలవరకు కంపెనీలవారు, నగరవాసులు. అందుచే మోసము తగిలినవాని అనుభవము మండలి బల్లమీదికి చేరుట లేదు.

మన రాజ్యాంగమున 350వ అధికరణము గలదు. తన మొరను ఏ అధికారికైనను, దేశమున గాని రాష్ట్రమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను చెప్పుకొను హక్కును అది ప్రతివానికి ఇచ్చినది. జవాబు అదే భాషలో రావలెనని అందు లేదు. సంప్రదింపు పత్రమునకు పంపు అభిప్రాయము మొర యగునా యనుటయు చర్చింపదగినదే. కాని మోసపోయినవాడు తన కష్టమును తెలుగున వ్రాసి పంపుటకు అడ్డులేదనుట నిస్సంశయము. మరియు జిల్లాలోగాని తాలూకాలోగాని నూటికి 15 మందికి తక్కువకాక మాటలాడు భాషలోనికి ముఖ్యమైన నిబంధనలను, ప్రకటనలను అనువదింపవలెనను రక్షణ భాషాల్పసంఖ్యాకులకు గలదు. కోలారు జిల్లాలో తెలుగువారి పాలు ఆ పరిమితిని మించినది. ఆ యేర్పాటు రాష్ట్ర ప్రభుత్వ ప్రకటనలను ఉద్దేశించినది. దానినే టెలికాం పత్రముల సంగ్రహములకును, మోసములను గూర్చిన హెచ్చరికలకును విస్తరింపుమని అడుగుట న్యాయమైన కోరిక. సర్కిలు భాష ఏదైనను, హెచ్చరిక ఏ భాషలో రావలెనో చందాదారుడే ఎన్నుకొను వీలుండవలెనని కోరుట రెండవది.

భద్రత రహస్యమైన విషయమనియు, నిపుణులకుగాని తెలియదనియు, రైతుబజారులో దానిని చర్చింప వీలుకాదనియు కొందరందురు. ఇందు కొంత నిజమున్నది. తాళము చేయు విద్య కమ్మరికే తెలియును. కాని ఏ తలుపునుండి దొంగ వచ్చెనో ఇంటివానికే తెలియును. సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరునకు తెలిపిన ఆ సొమ్మును నడుమనే ఆపుటకు అవకాశము గలదు. ఆ నంబరు మన వృద్ధులలో ఎందరికి తెలియునో, తెలిసినను ఏ భాషలో మాటలాడవలసివచ్చునో నిపుణుడు చెప్పలేడు, ఇంటివాడే చెప్పవలెను.

ముళబాగిలులో 1887లో జన్మించిన డి.వి. గుండప్పగారు కన్నడ సాహిత్యమున సుప్రసిద్ధులు. ప్రజా వ్యవహారములను పౌరులు చదివి, విచారించి, మాటలాడవలెనని వారు 1945లో బెంగళూరున గోఖలే ప్రజావ్యవహార సంస్థను స్థాపించిరి. ఆ మార్గము నేటికిని మాసిపోలేదు. తెలుగు సంఘములు ఏడాదికొక సంప్రదింపు పత్రమునైనను ఎన్నుకొని, దాని ప్రశ్నలను తెలుగున వ్రాసికొని, మోసపోయినవారి మాటలను వారి పేర్లు వెలిపుచ్చక చేర్చి, గడువులోపల పంపగలిగిన, తూర్పు వాకిటినుండి ఢిల్లీకి ఒక త్రోవ యేర్పడును. సలహా అంగీకరింపబడకపోవచ్చును. అంగీకరింపబడుటకు ముందు అది చెప్పబడవలెనుగదా!