ఒక్క మేనేజర్‌... ఏడుగురు బాస్‌లు!

గేటెడ్‌ కమ్యూనిటీల్లో ఫెసిలిటీ మేనేజర్‌ కొలువులకు ఆదరణ పెరుగుతోంది. మోటార్లు, లిఫ్టుల సంగతి పనిలో పడ్డాక నేర్చుకోవచ్చు. అసలు పరీక్ష అపార్ట్‌మెంట్‌ కమిటీతో కలిసి పనిచేయడం దగ్గరే!

ఆదివారం ఉదయం ఏడున్నర. బి-బ్లాక్‌లో లిఫ్ట్‌ ఆగిపోయిందని సెక్యూరిటీ గార్డు ఫోన్‌ చేశాడు. మీరు ఇంకా బైక్‌ తీయకముందే ప్రెసిడెంట్‌ గారి కాల్‌. ‘బాబూ, ఖర్చెంతైనా పర్లేదు. పదకొండింటికల్లా లిఫ్ట్‌ నడవాలి. ఎనిమిదో అంతస్తులో పెద్దావిడ డయాలసిస్‌కి వెళ్లాలి.’ అయిదు నిమిషాల్లో ట్రెజరర్‌ గారి ఫోన్‌. ‘కొటేషన్‌ లేకుండా రూపాయి కూడా ఇవ్వను, ముందే చెప్తున్నా.’ ఈలోగా వాట్సాప్‌ గ్రూప్‌లో ఒకాయన మెసేజ్‌: ‘అసలు మేనేజర్‌ ఏం చేస్తున్నట్టు?’

మీకిది మొదటి ఉద్యోగం, చేరి రెండో నెల. ఎవరి మాట వింటారు? అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోతారా? పద్ధతి తెలిసినవాళ్లు నలగరు. ఆ పద్ధతేమిటో చూద్దాం.

ఇది చిన్న ఊరు లాంటిదే

కోకాపేట, తెల్లాపూర్‌, కొండాపూర్‌ వైపు వెళ్తే ఒకే ప్రహరీలో వందల ఫ్లాట్లున్న టవర్లు కనిపిస్తాయి. లిఫ్టులు, జనరేటర్లు, మురుగునీటి శుద్ధి ప్లాంటు, ఫైర్‌ పంపులు, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్‌, తోటపని... రోజూ ఇవన్నీ సక్రమంగా నడిపించే వ్యక్తే ఫెసిలిటీ మేనేజర్‌. కొన్నిచోట్ల ఎస్టేట్‌ మేనేజర్‌ అనీ అంటారు.

ఇక్కడ తిరిగే డబ్బు కూడా తక్కువేం కాదు. 1,500 చదరపు అడుగుల ఫ్లాట్లు 300 ఉన్నాయనుకుందాం. మెయింటెనెన్స్‌ చదరపు అడుగుకు 3 రూపాయలైతే నెలకు 13.5 లక్షలు, ఏడాదికి 1.62 కోట్ల రూపాయలు వసూలవుతాయి. ఆ డబ్బు బిల్డర్‌ది కాదు, కమిటీది కాదు, మీది అసలే కాదు. ప్రతి పైసాకూ 300 కుటుంబాలు లెక్క అడుగుతాయి.

అసలు బాస్‌ ఎవరు?

కొత్తగా చేరినవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఫ్లాట్ల యజమానులంతా కలిసి అసోసియేషన్‌ పెట్టుకుంటారు. మన దగ్గర ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్‌ చట్టం కిందో, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందో దాన్ని రిజిస్టర్‌ చేయిస్తారు. సభ్యులు ఎన్నుకున్న మేనేజింగ్‌ కమిటీ నిర్ణయాలు తీసుకుంటుంది. ప్రెసిడెంట్‌, సెక్రటరీ, ట్రెజరర్‌, ఇంకో నలుగురు సభ్యులు... మొత్తం ఏడుగురనుకోండి. మీకు జీతమిచ్చేది మాత్రం చాలాసార్లు అసోసియేషన్‌ కాదు, దానితో కాంట్రాక్టు కుదుర్చుకున్న మేనేజ్‌మెంట్‌ ఏజెన్సీ. అంటే మీకు పైన రెండు కార్యాలయాలు ఉన్నట్టే.

గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒకటే. నిర్ణయం కమిటీది, అమలు మేనేజర్‌ది. కమిటీ అంటే ఏడుగురూ కలిసి తీసుకున్న నిర్ణయమే తప్ప, లిఫ్ట్‌ దగ్గర ఎదురైన ఒక సభ్యుడి మాట కాదు. అలాగని ‘మీరెవరు నాకు చెప్పడానికి?’ అనేయకూడదు. ‘తప్పకుండా సార్‌, కమిటీ గ్రూప్‌లో ఒక్క మెసేజ్‌ పెట్టండి, వెంటనే మొదలుపెడతాను’ అంటే సరిపోతుంది. ఎవరికీ చిన్నతనం ఉండదు.

ఇంకో సంగతి. కమిటీలో ఉన్నవాళ్లు సాధారణంగా జీతం లేకుండా పనిచేస్తుంటారు. పగలంతా ఆఫీసులో ఉండి, రాత్రి తొమ్మిదింటికి మీటింగ్‌కి వస్తారు. వాళ్లలో రిటైర్డ్‌ ఇంజినీర్‌ ఉండొచ్చు, సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగి ఉండొచ్చు, డాక్టర్‌ ఉండొచ్చు. పంపులు, ప్యానెళ్ల గురించి అందరికీ తెలియాలని లేదు. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం మీ పనిలో భాగం.

మళ్లీ ఆ లిఫ్ట్‌ దగ్గరికి...

ముందు చూడాల్సింది మనుషుల్ని. లిఫ్ట్‌లో ఎవరూ చిక్కుకోలేదని నిర్ధారించుకోండి. తలుపు తీయడం, లాక్‌ తప్పించడం లాంటివి గార్డుతో చేయించొద్దు. శిక్షణ ఉన్న టెక్నీషియన్‌ రావాల్సిందే. పక్కన సర్వీస్‌ లిఫ్ట్‌ ఉంటే పెద్దావిడ కుటుంబానికి మీరే ఫోన్‌ చేసి చెప్పండి. లేదంటే ఆమెను కుర్చీలో జాగ్రత్తగా దించడానికి మనుషుల్ని సిద్ధం చేయండి.

తర్వాత లిఫ్ట్‌ కంపెనీకి ఫిర్యాదు చేసి ఆ నంబర్‌ రాసుకోండి. వార్షిక నిర్వహణ ఒప్పందం తీసి, పాడైన భాగం అందులోకి వస్తుందో లేదో చూడండి. వస్తే ట్రెజరర్‌ గారి ప్రశ్నకే తావు లేదు. రాకపోతే ప్రెసిడెంట్‌, ట్రెజరర్‌ ఇద్దరూ ఉన్న గ్రూప్‌లో ఒకే మెసేజ్‌ పెట్టండి: ‘ఫలానా భాగం పోయింది. ఈరోజే మార్చితే ఇంత, రేపటిదాకా ఆగితే ఇంత. పదింటిలోగా చెప్పగలరు.’ చివరిగా నివాసుల గ్రూప్‌లో, లిఫ్ట్‌ ఎప్పటికి బాగవుతుందో నిజాయతీగా చెప్పండి.

ఇదంతా సాఫీగా జరగాలంటే చేరిన మొదటి నెలలోనే ఒక తీర్మానం చేయించుకోవాలి. అత్యవసరమైతే కమిటీని అడగకుండా మేనేజర్‌ ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు? ఆ అంకె మినిట్స్‌లో ఉంటే సగం గొడవలు పుట్టవు. నోటిమాటలు నీటిమూటలే!

డబ్బు దగ్గర గీత గీయండి

ఈ ఉద్యోగంలో చెడ్డపేరు వచ్చేది ఎక్కువగా డబ్బు దగ్గరే. వాటర్‌ ట్యాంకర్‌ వాళ్లు, పెయింటింగ్‌ కాంట్రాక్టరు, డీజిల్‌ తెచ్చేవాళ్లు... ఎవరో ఒకరు ‘మీ సంగతి చూసుకుంటాం సార్‌’ అంటారు. తొలి జీతం తక్కువగా ఉన్నప్పుడు ఆ మాట తీయగానే ఉంటుంది. ఒక్కసారి తీసుకుంటే మాత్రం, రేపు నాసిరకం పని చేసినా ఆ కాంట్రాక్టర్‌ను నిలదీసే నోరు మీకుండదు.

పెద్ద పనికి మూడు కొటేషన్లు తెప్పించి పక్కపక్కనే పట్టికలో పెట్టి కమిటీకి ఇవ్వండి. ఎంపిక వాళ్లది. వేసవిలో వచ్చే ప్రతి ట్యాంకరుకూ బండి నంబర్‌, సమయం, లీటర్లు, గార్డు సంతకం రిజిస్టర్‌లో ఉండాలి. జరగని పనికి బిల్లు పెట్టమని కమిటీలోనివాళ్లే అడిగినా ‘నేను చేయలేను సార్‌’ అని మర్యాదగా చెప్పండి. అవసరమైతే మీ ఏజెన్సీకి మెయిల్‌ రాయండి. రేపు విచారణ వస్తే బిల్లు మీద కనిపించేది మీ సంతకమే.

లెక్కల్లో ఇవి కనీసం తెలిసుండాలి:

• అసోసియేషన్‌ వార్షిక ఆదాయం 20 లక్షలు దాటి, సభ్యుడు నెలకు కట్టే మెయింటెనెన్స్‌ 7,500 రూపాయలు మించితే 18 శాతం జీఎస్టీ వర్తిస్తుంది. పై ఉదాహరణలో ఫ్లాట్‌కు 4,500 కాబట్టి వర్తించదు. అదే రేటుతో 3,000 అడుగుల ఫ్లాట్‌ అయితే 9,000 అవుతుంది, అప్పుడు వర్తిస్తుంది.

• కాంట్రాక్టర్‌కు ఒకే బిల్లులో 30,000, లేదా ఏడాదిలో లక్ష రూపాయలు దాటి చెల్లిస్తే టీడీఎస్‌ కోయాలి.

• గార్డులు, హౌస్‌కీపింగ్‌ సిబ్బందికి ఏజెన్సీ పీఎఫ్‌, ఈఎస్‌ఐ కడుతోందా? ప్రతినెలా చలానా అడగండి. ఏజెన్సీ ఎగ్గొడితే భారం అసోసియేషన్‌ మీద పడొచ్చు. అంతకన్నా ముందు నష్టపోయేది ఆ కార్మికులు.

• భవనం కొత్తదా? రెరా చట్టం ప్రకారం స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపాలను బిల్డర్‌ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఈ గడువు గుర్తుచేసిన మేనేజర్‌ను కమిటీ మర్చిపోదు.

చెడ్డ వార్త ముందు మీరే చెప్పాలి

ఫైర్‌ పంపు పనిచేయడం లేదు. ఆ విషయం చెబితే తిడతారని దాచారనుకోండి. నెల తర్వాత ఏదైనా జరిగితే ప్రాణాలే పోవచ్చు. అదే రోజు మెయిల్‌ పెట్టండి: సమస్య ఏమిటి, ఎంత ప్రమాదం, ఎంత ఖర్చు, ఎప్పటిలోగా కావాలి. కమిటీ వాయిదా వేస్తే వారానికోసారి గుర్తుచేయండి. మీ బాధ్యత చెప్పడంతో ఆగదు, గుర్తుచేయడం కూడా ఉంటుంది.

ప్రతినెలా ఒక పేజీ నివేదిక ఇవ్వడం అలవాటు చేసుకోండి. వసూలైనది, ఖర్చయినది, బకాయిలు, వచ్చిన ఫిర్యాదులు, తీరినవి, వచ్చే నెల గడువు ముగిసే ఒప్పందాలు... అంతే.

కమిటీ మారితే?

ఎన్నికలయ్యాయి. పాత కమిటీ పోయి కొత్తది వచ్చింది. ‘ఇతను వాళ్ల మనిషి’ అన్న మాట మీ చెవిన పడుతుంది. చాలామంది మేనేజర్లు ఉద్యోగం పోగొట్టుకునేది ఈ మలుపులోనే. దీనికి మందు ముందే వేసుకోవాలి. ఏ వర్గంతోనూ రాసుకుపూసుకు తిరగొద్దు. ఒకరి గురించి ఇంకొకరి దగ్గర మాట్లాడొద్దు. సెక్రటరీ గారి ఇంట్లో ట్యాప్‌ కారినా, అద్దెకున్నవారి ఇంట్లో కారినా నిబంధన ఒకటే ఉండాలి. కొత్త కమిటీ వచ్చిన వారంలోనే ఒప్పందాలు, వారంటీలు, బకాయిలు, పెండింగ్‌ పనులన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి అందించండి. అలా చేస్తే మీరు ఏ కమిటీ మనిషో కాదు, భవనం మనిషి అని వాళ్లకే అర్థమవుతుంది.

ఎలా ప్రవేశించాలి?

ఎలక్ట్రికల్‌, మెకానికల్‌ డిప్లొమా లేదా బీటెక్‌, హోటల్‌ మేనేజ్‌మెంట్‌, ఎంబీఏ చదివినవారికి దారి సులువు. సాధారణ డిగ్రీ ఉన్నా హెల్ప్‌డెస్క్‌, అసిస్టెంట్‌ స్థాయిలో మొదలుపెట్టొచ్చు. ఎక్సెల్‌, ట్యాలీ వచ్చుండాలి. మైగేట్‌, నోబ్రోకర్‌హుడ్‌ లాంటి యాప్‌లు ఎలా పనిచేస్తాయో చూసుండాలి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌ మూడూ రోజూ అవసరమే. మరో మెట్టు ఎక్కాలనుకుంటే అంతర్జాతీయ సంస్థ ఇఫ్మా అందించే ఎఫ్‌ఎంపీ సర్టిఫికెట్‌ ఉంది. కెనడాలోని ఒంటారియోలో అయితే 2017 నవంబరు నుంచి కాండో మేనేజర్లకు లైసెన్సు తప్పనిసరి. ఈ పనిని అక్కడ అంత సీరియస్‌గా తీసుకుంటారు.

ఇంటర్వ్యూలో ‘ఇద్దరు కమిటీ సభ్యులు వేర్వేరుగా చెబితే ఏం చేస్తారు?’ అని అడిగితే తడుముకోకూడదు. దానికి సాధన మీ ఇంటి దగ్గరే మొదలుపెట్టొచ్చు. మీరుంటున్న అపార్ట్‌మెంట్‌లోనో, బంధువుల దగ్గరో ఈసారి జనరల్‌ బాడీ మీటింగ్‌ జరిగితే వెళ్లి వెనక కూర్చోండి. ఎవరు ఏం అడిగారు, మేనేజర్‌ దగ్గర ఏ కాగితం ఉంది, ఏది లేదు... రాసుకోండి. ఆ కాగితమే మీకు తొలి పాఠం.