ష్యూరిటీ సంతకం: కట్టిన డబ్బు రాబట్టుకునే దారి

అప్పు తీసుకున్నవారు వాయిదాలు ఎగ్గొడితే బ్యాంకు నేరుగా ష్యూరిటీ ఇచ్చినవారి మీదికే రావచ్చు. ముందు రుణగ్రహీత ఆస్తి మీద పడాలన్న నియమం లేదని 1968లోనే బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. చిట్టీ పాడుకున్న సహోద్యోగికి పూచీ ఉన్న గుమస్తా జీతానికి గండి పడేదీ ఇలాగే.

అలాగని 1872 నాటి కాంట్రాక్టు చట్టం హామీదారును గాలికి వదిలేయలేదు. న్యాయంగా కట్టిన ప్రతి రూపాయినీ రుణగ్రహీత తిరిగివ్వాలని 145వ సెక్షన్ చెబుతుంది. కాగితం మీద అలా రాసుకోకపోయినా సరే. బాకీ పూర్తిగా తీర్చాక బ్యాంకుకున్న హక్కులు హామీదారుకు దక్కుతాయి. తాకట్టులోని బంగారం, ఇంటి దస్తావేజులు కూడా అందులోకే వస్తాయి, వాటి సంగతి సంతకం నాడు తెలియకపోయినా. చాలామంది అడగకుండా వదులుకునే హక్కు ఇదే. ఇతర ష్యూరిటీలుంటే, తన వాటాకు మించి కట్టినది వారి నుంచి రాబట్టుకోవచ్చు.

రుజువు మాత్రం పక్కాగా ఉండాలి. రుణగ్రహీత లోన్ ఖాతాలో నగదు జమచేసి ఊరుకుంటే, ఆ డబ్బు ఎవరిదో నిరూపించడం తలనొప్పి. సొంత ఖాతా నుంచి చెక్కు ఇచ్చి, రసీదులో 'హామీదారు చెల్లించారు' అని రాయించుకోవడం మేలు. తర్వాత లాయర్ నోటీసు, దానికీ కదలకపోతే సివిల్ దావా. గడువు, డబ్బు కట్టిన నాటి నుంచి 3 ఏళ్లు. ఈలోగా రుణగ్రహీత ఆస్తి అమ్మేసే సూచనలుంటే తీర్పుకు ముందే జప్తు కోరవచ్చు. డిక్రీ వచ్చాక అమలు పిటిషన్ వేసి ఆస్తినో, జీతంలో చట్టం అనుమతించిన భాగాన్నో జప్తు చేయించవచ్చు.