గర్భకాల మధుమేహం - ఎపిజెనెటిక్ గుర్తులు: తల్లి భావి ఆరోగ్యం

1. ఉపోద్ఘాతం

గర్భం ధరించిన తరువాత మొదటిసారిగా బయటపడే మధుమేహాన్ని గర్భకాల మధుమేహం అంటారు. చాలామంది స్త్రీలలో ప్రసవంతో రక్తంలోని చక్కెర మామూలు స్థాయికి చేరుతుంది. దానితో సమస్య తీరిపోయిందన్న భావన ఏర్పడుతుంది. కాని, వీరికి టైప్-2 మధుమేహం వచ్చే అవకాశం ఇతరుల కంటే దాదాపు పది రెట్లు ఎక్కువని 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష తేల్చింది. వీరిలో ఎవరికి వ్యాధి వస్తుందో ముందే గుర్తించడానికి ఎపిజెనెటిక్ గుర్తులు ఎంతవరకు ఉపకరిస్తాయో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. తల్లి నుండి శిశువుకు మారిన దృష్టి

ఒసల్లివాన్, మహాన్‌లు 1964లో గర్భిణుల గ్లూకోజ్ పరీక్షకు ప్రమాణాలను ప్రతిపాదించారు. తల్లికి తరువాతి కాలంలో మధుమేహం వస్తుందా అన్నదే వాటికి ఆధారం. 2008లో వెలువడిన 'హాపో' అధ్యయనం తరువాత శిశువు ఆరోగ్యం ప్రమాణాలకు కేంద్రమైంది. అదే అధ్యయనంలోని తల్లులను 10 నుండి 14 ఏళ్ల తరువాత మళ్లీ పరీక్షించగా, గర్భకాల మధుమేహ ప్రమాణాలకు లోబడినవారిలో 52.2 శాతం మందికి, తక్కినవారిలో 20.1 శాతం మందికి గ్లూకోజ్ సంబంధ లోపాలు కనిపించాయి.

3. గుర్తుల స్వభావం

ఎపిజెనెటిక్స్ భావనను వాడింగ్టన్ 1942లో ప్రతిపాదించాడు. డీఎన్ఏలోని సైటోసిన్‌కు మిథైల్ సమూహం చేరడం ఈ గుర్తులలో ప్రధానమైనది. దీనివల్ల జన్యువు వరుస మారదు. అది పనిచేసే తీవ్రత మారవచ్చు. పదాలు అవే అయినా కాకువు మారితే అర్థం మారడం వంటిదిది.

గర్భం ద్వితీయార్ధంలో మాయ నుండి వెలువడే హార్మోన్లు ఇన్సులిన్ ప్రభావాన్ని తగ్గిస్తాయి. క్లోమంలోని బీటా కణాలు అందుకు తగినంత అదనపు ఇన్సులిన్‌ను ఇవ్వలేనప్పుడు మధుమేహం బయటపడుతుంది. ఈ బలహీనతకు సంబంధించిన జాడలు రక్తకణాల మిథైలేషన్‌లో దొరుకుతాయా అన్నదే పరిశోధకుల ప్రశ్న.

4. ఆధారాలు, పరిమితులు

లండన్‌లోని భారతీయ సంతతివారిపై జరిగి 2015లో వెలువడిన అధ్యయనం, టీ.ఎక్స్.ఎన్.ఐ.పీ. సహా ఐదు జన్యుస్థానాలలోని మిథైలేషన్‌కు భావి టైప్-2 మధుమేహంతో సంబంధం ఉందని చూపింది. అది గర్భిణులకు పరిమితమైన అధ్యయనం కాదు. కనుక దాని ఫలితాలను నేరుగా వీరికి అన్వయించలేము. పైగా చక్కెర పెరగడమే టీ.ఎక్స్.ఎన్.ఐ.పీ. జన్యువును ఉత్తేజపరుస్తుంది. అందువల్ల గుర్తు వ్యాధికి కారణమో, వ్యాధి మిగిల్చిన ఫలితమో వేరుచేయాలి. రక్తకణాలలో కనిపించిన మార్పు క్లోమంలోనూ ఉంటుందన్న నియమం లేదు. గర్భానికి ముందు, గర్భంలో, ప్రసవానంతరం అదే స్త్రీ నుండి నమూనాలు సేకరిస్తేనే ఈ చిక్కు కొంతైనా విడుతుంది.

5. ముగింపు

కారణం కాకపోయినా గుర్తు సూచికగా పనికిరావచ్చు. అయితే సాధారణ గ్లూకోజ్ పరీక్ష చెప్పలేనిదాన్ని అది చెప్పగలగాలి. భారత ప్రభుత్వ మార్గదర్శకాలు ప్రసవమైన 6 వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్‌తో మళ్లీ పరీక్షించాలని సూచిస్తున్నాయి. పురిటికి పుట్టింటికి వెళ్లే ఆచారమున్న తెలుగు కుటుంబాలలో మొదటి పరీక్ష జరిగిన ఊరు, ఆరు వారాలకు ఆమె ఉండే ఊరు వేరు కావచ్చు. శిశువు టీకాల వివరాలతోపాటు తల్లి చక్కెర వివరాలూ ఆమె వెంట వెళ్లాలి. ఎపిజెనెటిక్ గుర్తులు రేపు కొందరిని ప్రత్యేకంగా చూపవచ్చు. నేడు మాత్రం వీరందరికీ ఆ పరీక్ష అందడమే ముఖ్యం.