ఆవగింజంత ప్రాణి – అపారమైన నేర్పు

సముద్రమంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి తిమింగలాలు, సొరచేపలు. మొదటిసారి మైక్రోస్కోపు కింద ప్లవకాలను చూసేదాకా నేనూ అంతే! చుక్క నీటిలో పొడవాటి మీసాలతో గెంతుతున్న కోపిపోడ్‌ను చూశాక నా అభిప్రాయం మారింది. రొయ్యకు దూరపు చుట్టమైన ఈ ప్రాణి నిడివి సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఇంత చిన్నది అంత సముద్రంలో ఎలా నెగ్గుకొస్తోంది?

అమెరికా పడమటి తీరంలో, అలల తుంపర పడే రాతిగుంటల్లో టైగ్రియోపస్ కాలిఫోర్నికస్ ఉంటుంది. ఎండకు నీరు ఆవిరై గుంటలో ఉప్పు పెరుగుతుంది, వానొస్తే తగ్గుతుంది. ఉప్పు పెరిగినప్పుడు ఒంట్లోని నీరు బయటికి పోకుండా ఇది కణాల్లో ప్రోలీన్, అలనీన్ అనే అమైనో ఆమ్లాలను కూడబెడుతుంది. ఉప్పు తగ్గగానే వదిలించుకుంటుంది.

ఉత్తర అట్లాంటిక్‌లోని కెలానస్ ఫిన్‌మార్కికస్‌ది వేరే చిక్కు. చలికాలంలో తిండి దొరకదు. అందుకని ముందుగానే వృక్షప్లవకాలను తిని, ఒంట్లో కొవ్వు నిలవచేసుకొని, వందల మీటర్ల లోతుకు దిగి, నెలల తరబడి తిండీ తిప్పలూ లేకుండా నిద్రాణస్థితిలో గడుపుతుంది. వసంతం సమీపించగానే పైకొచ్చి గుడ్లు పెడుతుంది. కాడ్ చేపపిల్లలకు ముఖ్యమైన ఆహారం దీని సంతతే.

అయితే ఈ నేర్పుకూ ఒక హద్దుంది. 1980ల నుంచి నార్త్ సీ వేడెక్కుతున్నకొద్దీ అక్కడ ఈ చల్లనీటి ప్రాణి తగ్గింది. వెచ్చదనాన్ని ఓర్చుకునే కెలానస్ హెల్గోలాండికస్ పెరిగింది. కానీ అక్కడ అది ఎక్కువగా కనిపించేది శరత్తులో. కాడ్ పిల్లలకు ఆకలి వేసేదేమో వసంతంలో!

మిత్రులారా! ఆవగింజంత ప్రాణి లెక్క తప్పితే చేప లెక్కా, జాలరి లెక్కా కూడా తప్పుతాయి.