కారు వెనక ఇల్లు ఎందుకు ఊగుతుంది?

అమెరికాలో కొందరు సెలవులకు కారు వెనక ఒక చిన్న ఇంటినే తగిలించుకుని వారాల తరబడి తిరుగుతారు. దాన్ని ట్రావెల్ ట్రైలర్ అంటారు. లోపల మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ ఉంటాయి. మరి అది కొనేటప్పుడు పెద్దవాళ్లు ముందు బరువు సంగతి ఎందుకు అడుగుతారు?

ఎద్దుబండిని తలచుకోండి. బస్తాలన్నీ వెనకవైపే వేస్తే బండి ఇరుసు మీద వెనక్కి ఒరిగి, కాడి ఎద్దుల మెడల మీంచి పైకి లేస్తుంది. ట్రైలర్‌దీ అదే కథ. వెనక బరువు ఎక్కువైతే, దాన్ని కారుకు కలిపే కొక్కెం మీద భారం తగ్గిపోతుంది. అప్పుడు పక్కనుంచి లారీ దూసుకెళ్లినా, గాలి తోసినా ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. వేగంగా వెళుతుంటే ఆ ఊపు పెరిగి పెరిగి కారునే ఈడ్చేయొచ్చు! అందుకే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడేలా సామాను సర్దుతారు. మరీ ఎక్కువైనా తంటాయే: కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది.

ఇక నీళ్లు. లీటరు నీళ్లు కిలో బరువు. 80 లీటర్ల ట్యాంకు నింపితే 80 కిలోలు పెరిగినట్టే. కాబట్టి ఖాళీ ట్రైలర్ తేలిగ్గా ఉందని మురిసిపోకూడదు. నన్నడిగితే, పరుపు నొక్కి చూసేకంటే ముందు ట్యాంకు ఇరుసుకు ఎటువైపు ఉందో వంగి చూడాలి.